తెలిసినంత మాత్రాన రక్షణ కలుగుతుందా? కౌమార లైంగిక ఆరోగ్య పరిశోధనలో అవగాహన, ప్రమాదం

వ్యాససంగ్రహం

కౌమార దశలోని బాలబాలికల లైంగిక ఆరోగ్యంపై జరిగే సర్వేలు తరచుగా “అవగాహన తక్కువగా ఉంది, దానిని పెంచాలి” అనే నిర్ణయంతో ముగుస్తాయి. అవగాహన పెరిగితే ప్రమాదం తగ్గుతుందనే ఊహ ఈ నిర్ణయానికి ఆధారం. ఆ ఊహను నేరుగా పరీక్షించిన అధ్యయనాలు టాంజానియా, కెన్యా, మలావీ వంటి ఆఫ్రికా దేశాల్లోను, మన దేశంలో బీహార్, కర్ణాటక రాష్ట్రాల్లోను జరిగాయి. వాటి ఫలితాలను వివరించడం, ఆ ఫలితాల వెలుగులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గణాంకాలను పరిశీలించడం, తెలుగులో ఇటువంటి పరిశోధన చేయదలచినవారు పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కౌమారం, లైంగిక ఆరోగ్యం, అవగాహన, ప్రమాదం, బాల్యవివాహం, ప్రశ్నావళి, పోక్సో చట్టం.

1. ఉపోద్ఘాతం

2000 దశకం తొలి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోడల మీద, హోర్డింగుల మీద పులిరాజా పేరు కనిపించేది. ఆయనకు ఎయిడ్స్ వస్తుందా అని అడిగే ఆ ప్రచారం జనం నోళ్లలో నానింది. ఒక మాటను ప్రజల్లోకి తీసుకెళ్లడమే లక్ష్యమైతే అది నెరవేరినట్లే. ప్రజారోగ్య పరిశోధకులు అడగవలసిన ప్రశ్న దాని తరువాతిది. ఎయిడ్స్ అంటే ఏమిటో తెలిసిన పదిహేడేళ్ల కోడలికి, ఆ తెలివిడి వల్ల అత్తవారింట్లో ఏమి చేయగలిగే అవకాశం వచ్చింది?

ఈ ప్రశ్నను పక్కన పెట్టి అవగాహన శాతాలను మాత్రమే లెక్కించే అధ్యయనాలు మనకు సుపరిచితం. ఒక జిల్లాలో కొన్ని పాఠశాలలను ఎంచుకోవడం, ప్రశ్నావళి పంచడం, సరైన సమాధానాలకు మార్కులు వేయడం, బాలుర సగటును బాలికల సగటుతో పోల్చడం, చివరి అధ్యాయంలో అవగాహనా సదస్సులు నిర్వహించాలని సూచించడం వాటి సాధారణ స్వరూపం. ఈ సూచన తప్పు కాకపోవచ్చు. అయితే సేకరించిన సమాచారం నుండి అది తేలలేదు. అవగాహనకు, ప్రమాదానికి మధ్య గల సంబంధాన్ని ఆ అధ్యయనం పరీక్షించనేలేదు. పరీక్షించినవారికి ఏమి కనిపించిందో చూసే ముందు, అవగాహన అనే మాటతో మనం కొలుస్తున్నది ఏమిటో తెలుసుకోవాలి.

2. అవగాహనను కొలవడం

2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇందుకు మంచి ఉదాహరణ. కండోమ్‌ను క్రమం తప్పక వాడితే హెచ్‌ఐవి సోకే అవకాశం తగ్గుతుందని దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 68.4 శాతం మందికి, పురుషులలో 82.0 శాతం మందికి తెలుసు. అదే సర్వేలో హెచ్‌ఐవిపై ‘సమగ్ర అవగాహన’ ఉన్న స్త్రీలు 21.6 శాతం, పురుషులు 30.7 శాతం మాత్రమే. సమగ్ర అవగాహన అనిపించుకోవాలంటే కండోమ్ వాడకం గురించి, ఒకే విశ్వసనీయ భాగస్వామికి పరిమితం కావడం గురించి తెలిసి ఉండాలి. చూడడానికి ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా హెచ్‌ఐవి ఉండవచ్చని తెలియాలి. వ్యాధి వ్యాప్తిపై ప్రచారంలో ఉన్న రెండు అపోహలను తిరస్కరించాలి. ఒకే సర్వేలో, అవే వ్యక్తుల నుండి సేకరించిన సమాధానాలు మూడింట రెండు వంతుల మందికి తెలుసని ఒకచోట, అయిదింట ఒక వంతు మందికే తెలుసని మరొకచోట చెప్పినట్లు కనిపిస్తాయి. రెండూ నిజమే. కాబట్టి “అవగాహన ఇంత శాతం” అని రాసే ప్రతిసారీ ఏ ప్రశ్నకు వచ్చిన సమాధానమో కూడా రాయడం పరిశోధకుల బాధ్యత.

తెలుగులో ప్రశ్నావళి రూపొందించేవారికి మరో చిక్కు ఉంది. ‘రుతుస్రావం’, ‘సంభోగం’, ‘వీర్యం’ పాఠ్యపుస్తకాల మాటలు. ఇళ్లలో వినిపించేవి ‘ముట్టు’, ‘నెలసరి’, ‘బయట ఉండటం’, ‘డేట్’ వంటివి. గ్రాంథికమైన మాట అర్థం కాక తప్పు సమాధానం రాసిన బాలికకు ఆ విషయమే తెలియదని నమోదు చేస్తే, మనం కొలిచింది ఆమె భాషను. ‘సుఖవ్యాధి’ అనే మాట మరీ ఇబ్బందికరమైనది. సుఖం కోసం తప్పుదారి పట్టినవారికి వచ్చే జబ్బు అన్న నింద ఆ సమాసంలోనే ఇమిడి ఉంది. భర్త ద్వారా వ్యాధి సోకిన ఇల్లాలు “నీకు సుఖవ్యాధి ఉందా?” అనే ప్రశ్నకు అవునని చెప్పడం కష్టం. ‘లైంగిక సంక్రమణ వ్యాధి’ అనే మాటలో నింద లేదు గాని, దానిని విన్నవారు తక్కువ. అందువల్ల మంట, పుండు, దుర్వాసన గల తెల్లబట్ట వంటి లక్షణాలను విడివిడిగా అడగడం మేలు. తుది ప్రశ్నావళికి ముందు కొద్దిమంది పిల్లలతో కూర్చొని “ఈ ప్రశ్నలో ఏమి అడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు” అని అడిగితే ఇటువంటి లోపాలు చాలావరకు బయటపడతాయి.

మన సమాజంలోని ఒక వైరుధ్యాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. సమర్త లేదా పుష్పవతి వేడుకకు ఆహ్వానపత్రికలు అచ్చవుతాయి, ఫ్లెక్సీలు వెలుస్తాయి. బాలిక ఎదిగిందన్న సంగతి బంధువులందరికీ తెలుస్తుంది. ఆమె శరీరంలో జరిగినదేమిటో ఆమెకు విడమరచి చెప్పే పని మాత్రం చాలా ఇళ్లలో జరగదు. మౌనం, ప్రదర్శన రెండూ ఒకేచోట ఉండే ఈ స్థితిని ‘అవగాహన లేదు’ అనే ఒక్క వాక్యం పట్టుకోలేదు.

3. పెరిగిన అవగాహన, తగ్గని వ్యాధి: మ్వాంజా అనుభవం

అవగాహన పెంచితే వ్యాధి తగ్గుతుందా అనే ప్రశ్నకు విస్తృత స్థాయిలో సమాధానం వెదికిన ప్రయోగాల్లో ముఖ్యమైనది టాంజానియా వాయవ్య ప్రాంతంలో, విక్టోరియా సరస్సును ఆనుకొని ఉన్న మ్వాంజాలో జరిగింది. దాని పేరు ‘మేమా క్వా విజానా’. స్వాహిలీ భాషలో ‘యువతకు మంచి విషయాలు’ అని అర్థం. 20 గ్రామీణ సమూహాలను ఎంచుకొని, యాదృచ్ఛికంగా పదింటిలో కార్యక్రమాన్ని అమలు చేసి, తక్కిన పదింటిని పోలిక కోసం ఉంచారు. ప్రాథమిక పాఠశాల పై తరగతుల్లో ఉపాధ్యాయులు, తోటి విద్యార్థుల సహాయంతో పాఠాలు జరిగాయి. ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి యువతతో మెలగడంలో శిక్షణ ఇచ్చారు. యువకుల ద్వారా కండోమ్‌లు అందుబాటులోకి తెచ్చారు. గ్రామస్థుల మధ్య కార్యక్రమాలు నిర్వహించారు.

1998లో 9,645 మంది కౌమారులు ఈ అధ్యయనంలో చేరారు. మూడేళ్ల తరువాత పరిశీలిస్తే కార్యక్రమం జరిగిన ఊళ్లలో అవగాహన, దృక్పథాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ప్రవర్తన గురించి వారు చెప్పిన కొన్ని సమాధానాల్లోనూ మార్పు కనిపించింది. హెచ్‌ఐవి, ఇతర లైంగిక సంక్రమణలు, గర్భధారణ వంటి, జీవపరీక్షలతో నిర్ధారించదగిన ఫలితాల్లో మాత్రం నిలకడైన మేలు కనిపించలేదు. 2007-08లో 13,814 మంది యువతీయువకులతో మళ్లీ పరీక్షించినప్పుడు కూడా హెచ్‌ఐవి, జననాంగ హెర్పిస్ వ్యాప్తిలో గణనీయమైన తేడా రాలేదు.

ఈ ఫలితం రెండు పాఠాలు చెబుతుంది. మొదటిది పద్ధతికి సంబంధించినది. ఆ పరిశోధకులు ప్రశ్నావళితో సరిపెట్టుకొని ఉంటే కార్యక్రమం విజయవంతమైందని ప్రకటించేవారు. రక్తపరీక్షలు, మూత్రపరీక్షలు ఉన్నందువల్లనే అసలు సంగతి తెలిసింది. పరీక్షల్లో సంక్రమణ లేదా గర్భం నిర్ధారణ అయిన బాలికల్లో కొందరు సర్వేలో తమకు లైంగిక అనుభవమే లేదని చెప్పారు. నమ్మకం కుదిరిన తరువాత జరిపిన సుదీర్ఘ సంభాషణల్లో సత్యం ఎక్కువగా బయటపడింది. రెండవ పాఠం విషయానికి సంబంధించినది. పేదరికం, కానుకలకో డబ్బుకో ముడిపడిన సంబంధాలు, స్త్రీపురుషుల మధ్య అసమానత్వం ఆ ఊళ్లలో అలాగే ఉన్నాయి. పాఠం విన్న బాలిక తిరిగి వెళ్లింది ఆ పరిస్థితుల్లోకే.

4. ఎటువంటి సమాచారం? కెన్యా ప్రయోగం

దీని నుండి సమాచారం నిరర్థకమని నిర్ణయిస్తే పొరపాటు. పశ్చిమ కెన్యాలో 328 ప్రాథమిక పాఠశాలలతో జరిగిన ప్రయోగాన్ని ఆర్థికవేత్త పాస్కలీన్ దుపా 2011లో ప్రచురించారు. జాతీయ పాఠ్యక్రమం వివాహం వరకు సంయమనం పాటించాలని బోధించేది. ఆ పాఠ్యక్రమంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినందువల్ల బాలికల గర్భధారణలో తేడా రాలేదు. 71 పాఠశాలల్లో మాత్రం అదనంగా ఒక్క తరగతి జరిగింది. వయసును బట్టి, స్త్రీపురుష భేదాన్ని బట్టి హెచ్‌ఐవి ఎంతమందిలో ఉందో ఆ తరగతిలో అంకెలతో చెప్పారు. తమ ఈడు బాలురకంటే వయసులో బాగా పెద్దవారైన పురుషుల్లో వ్యాధి చాలా ఎక్కువగా ఉన్నదని బాలికలకు తెలిసింది. ఏడాది కాలంలో ఆ పాఠశాలల బాలికల్లో గర్భధారణ 28 శాతం తగ్గింది. ముఖ్యంగా పెద్దవయసు పురుషుల వల్ల కలిగే గర్భాలు తగ్గాయి.

రెండు బోధనల్లోని తేడా గమనించదగినది. మొదటిది ఏమి చేయకూడదో చెప్పింది. రెండవది, ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఏది ఎక్కువ ప్రమాదకరమో చెప్పింది. బాలికకు కొంతైనా ఎంపిక ఉన్నచోట ఆ ఎంపికకు పనికివచ్చే సమాచారం ఫలితమిచ్చింది. ఎంపికే లేనిచోట ఏమి చేయాలన్నది తరువాతి ప్రశ్న.

5. పరిస్థితిని మార్చడం

మలావీలోని జోంబా జిల్లాలో అవివాహితలైన 13-22 ఏళ్ల యువతులకు, వారి కుటుంబాలకు నెలనెలా నగదు అందించిన ప్రయోగ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. మొదట్లో బడికి వెళ్తున్నవారిలో, 18 నెలల తరువాత నగదు పొందినవారిలో హెచ్‌ఐవి 1.2 శాతం, పొందనివారిలో 3.0 శాతం. హెర్పిస్ విషయంలో ఈ అంకెలు 0.7, 3.0. బడికి హాజరు కావాలనే షరతు పెట్టినా పెట్టకపోయినా గణనీయమైన తేడా లేదు. అప్పటికే చదువు మానేసినవారిలో మాత్రం ఈ మేలు కనిపించలేదు. దక్షిణాఫ్రికాలో జరిగిన మరో నగదు ప్రయోగంలో హెచ్‌ఐవి తగ్గలేదు. అక్కడ నగదు పొందినవారిలోను పొందనివారిలోను బడి హాజరు మొదటినుంచీ చాలా ఎక్కువ. అంటే నగదు దానంతట అది మంత్రం కాదు. ఆ సమాజంలో లోపించినది ఏదో, దానిని పూరించినప్పుడే ఫలితం.

2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ఇటువంటి ఎనిమిది ప్రయోగాలను, మొత్తం 55,157 మందిని కలిపి పరిశీలించింది. పాఠశాలలో బోధన ఒక్కటే హెచ్‌ఐవి, హెర్పిస్, సిఫిలిస్, గర్భధారణలను తగ్గించినట్లు ఆధారం లేదని, బడిలో కొనసాగేందుకు ఇచ్చే ప్రోత్సాహకాలు గర్భధారణను తగ్గించవచ్చునని తేల్చింది. నికోల్ హేబర్లండ్ 2015లో 22 కార్యక్రమాలను సమీక్షించారు. స్త్రీపురుష సంబంధాల్లోని అధికారాన్ని చర్చించిన 10 కార్యక్రమాల్లో 8 సత్ఫలితమిచ్చాయి. ఆ చర్చ లేని 12లో ఫలితమిచ్చినవి 2 మాత్రమే. అధికారం గురించిన సంభాషణను పక్కన పెట్టి శరీరశాస్త్రాన్ని బోధించడం ఎంత వరకు ఉపయోగమో ఈ అంకెలు సూచిస్తున్నాయి.

లైంగిక విద్య పిల్లలను చెడగొడుతుందనే భయానికి ఈ పరిశోధనల్లో ఆధారం లేదని కూడా ఇక్కడ చెప్పాలి. అది లైంగిక అనుభవాన్ని ముందుకు జరపదని యునెస్కో 2018లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాలకు ఆధారమైన సమీక్షలు తెలిపాయి. 2007లో మన దేశంలో అనేక రాష్ట్రాలు కౌమార విద్యా కార్యక్రమాన్ని నిలిపివేయడానికి దారితీసిన వివాదం ఈ భయం చుట్టూనే నడిచింది.

6. మన దేశపు ప్రయోగాలు

ఆఫ్రికాలో హెచ్‌ఐవి వ్యాప్తి వేరు, మన కుటుంబ వ్యవస్థ వేరు. కనుక ఆ ఫలితాలను యథాతథంగా ఇక్కడికి తేలేము. మన దేశంలో జరిగిన రెండు ప్రయోగాలు ఇక్కడ ఉపకరిస్తాయి.

బీహార్‌లోని నలందా జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం అమలు చేసిన ‘సెహెర్’ కార్యక్రమ ఫలితాలు 2018లో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులు, మరికొన్నింటిలో శిక్షణ పొందిన స్థానిక కౌన్సిలర్లు నిర్వహించారు. కౌన్సిలర్లు ఉన్న బడుల్లో పాఠశాల వాతావరణం, స్త్రీపురుష సమానత్వంపై దృక్పథం, పునరుత్పత్తి ఆరోగ్యంపై అవగాహన మెరుగయ్యాయి. ఉపాధ్యాయులు నిర్వహించిన బడుల్లో ఆ మార్పు రాలేదు. చెప్పే విషయంతో సమానంగా చెప్పే మనిషికి ప్రాధాన్యం ఉన్నదని దీనివల్ల తెలుస్తోంది. మార్కులు వేసే ఉపాధ్యాయుణ్ణి తన శరీరం గురించి ప్రశ్న అడగడం విద్యార్థికి తేలిక కాదు.

ఉత్తర కర్ణాటకలోని బాగల్‌కోట, విజయపుర జిల్లాల్లో షెడ్యూల్డు కులాలు, తెగల బాలికలు చదువు మానకుండా, చిన్న వయసులో పెళ్లికాకుండా చూసేందుకు ‘సమత’ అనే కార్యక్రమం జరిగింది. అమలైన గ్రామాల్లో చదువు మానేవారు, బాల్యవివాహాలు తక్కువగానే ఉన్నాయి. అయితే అమలుకాని గ్రామాల్లోనూ అంతే తక్కువగా ఉన్నాయి. పోలిక సమూహం లేకపోతే ఆ మేలంతా కార్యక్రమం ఖాతాలో పడేది. సదస్సుకు ముందు, సదస్సుకు తరువాత అని రెండు పరీక్షలు పెట్టి విజయాన్ని ప్రకటించే అధ్యయనాలకు ఇది హెచ్చరిక.

7. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గణాంకాలు

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల యువతుల్లో అప్పటికే తల్లులైనవారు లేదా గర్భవతులు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం, దేశంలో 6.8 శాతం. 20-24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండక ముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, దేశంలో 23.3 శాతం. పశ్చిమ బెంగాల్‌లో ఇటువంటి వివాహాలు 41.6 శాతం కాగా, 15-19 ఏళ్లకే తల్లులైనవారు, గర్భవతులు 16.4 శాతం.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చదవాలి. మన దేశంలో కౌమార గర్భధారణ ప్రధానంగా వివాహం లోపల జరిగేదే. కాబట్టి ‘లైంగిక ప్రమాదం’ అనగానే వివాహానికి ముందు సంబంధాలను మాత్రమే ఊహించే ప్రశ్నావళి అసలు ప్రమాదాన్ని చూడకుండా పోతుంది. పెళ్లయిన పదిహేడేళ్ల యువతి రక్తహీనతతో మొదటి కాన్పుకు సిద్ధపడటం, కొంతకాలం పిల్లలు వద్దనుకున్నా ఆ మాట చెప్పలేకపోవడం కూడా లైంగిక ఆరోగ్య ప్రమాదాలే. గర్భనిరోధక మాత్ర పేరు ఆమెకు తెలిసి ఉండవచ్చు. దానిని తెచ్చుకోవడానికి డబ్బు, బయటకు వెళ్లే స్వేచ్ఛ, భర్త అంగీకారం, అత్తగారి మౌనం కావాలి.

నమూనా ఎంపికలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. అనుమతి సులువుగా దొరుకుతుందని పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో సర్వే చేస్తాము. చదువు మానేసి పత్తి చేలలో, మిరప తోటల్లో పనికి వెళ్లే బాలిక, పెళ్లయి మరో ఊరు వెళ్లిపోయిన బాలిక ఆ తరగతి గదిలో ఉండరు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని వదిలి, తక్కువగా ఉన్నవారి అవగాహనను కొలిచి, జిల్లా మొత్తానికి నిర్ణయాలు చేయడం సరికాదు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సహకారంతో గ్రామం నుండి నమూనా తీసుకుంటే శ్రమ ఎక్కువే గాని ఈ లోపం తగ్గుతుంది.

8. చట్టం, గోప్యత

ఇటువంటి పరిశోధనలో అన్నిటికంటే క్లిష్టమైన ఘట్టం సమాచారం దొరికిన తరువాత వస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ బాలలే. వారి సమ్మతికి చట్టంలో విలువ లేదు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 18 ఏళ్లు నిండని భార్యకు కూడా చట్టరక్షణ లభించింది. ఈ చట్టం కింద నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలపాలని 19వ సెక్షన్ నిర్దేశిస్తుంది. తెలపకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మరి, పదహారేళ్ల బాలిక నమ్మకంతో తన సంబంధం గురించి చెబితే పరిశోధకులు ఏమి చేయాలి? “నీవు చెప్పినది ఎవరికీ చెప్పము” అని సమ్మతి పత్రంలో రాసి ఉంటే ఆ వాగ్దానం చట్టంతో ఢీకొంటుంది. పోలీసులకు తెలిపితే ఆ బాలిక కోరని పరిణామాలు రావచ్చు. తెలపకపోతే, ఆమె నిజంగా హింసకు గురవుతుంటే, ఆమెను అక్కడే వదిలేసినట్లవుతుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు గర్భస్రావం కోరే మైనర్ల విషయంలో వైద్యులు ఇచ్చే నివేదికలో బాలిక పేరు, వివరాలు వెల్లడించనవసరం లేదని చెప్పింది. ఆ సడలింపు వైద్యులకు సంబంధించినది. పరిశోధకులకు అది వర్తిస్తుందని అనుకోరాదు.

దీనికి సులువైన పరిష్కారం లేదు గాని ముందుగానే చేయదగిన పనులు ఉన్నాయి. వ్యక్తిగత అనుభవాన్ని అడగడం అవసరమా అని మొదట ఆలోచించాలి. పరిశోధనా ప్రశ్నకు అవసరం లేని చోట కుతూహలంతో అడగరాదు. అవసరమైతే పేరు, తరగతి, ఊరు లేని, మడిచి పెట్టెలో వేసే పత్రం వాడాలి. ముఖాముఖి సంభాషణ అయితే గోప్యతకు ఉన్న హద్దును తల్లిదండ్రుల సమ్మతి పత్రంలోను, పిల్లల అంగీకార పత్రంలోను తెలుగులో తేటగా రాయాలి. సంభాషణ మొదలుపెట్టే ముందు నోటితో కూడా చెప్పాలి. హింస సంగతి బయటపడితే ఆ రోజే ఎవరిని సంప్రదించాలో, చైల్డ్‌లైన్ 1098తో సహా, ఎథిక్స్ కమిటీకి సమర్పించే ప్రణాళికలో ఉండాలి.

9. ముగింపు

ఈ పరిశీలన నుండి తేలిన ముఖ్యాంశాలు:

• అవగాహన శాతం ప్రశ్నను బట్టి, భాషను బట్టి మారుతుంది. ప్రశ్నను పేర్కొనని శాతానికి అర్థం లేదు.

• అవగాహన పెరిగినా వ్యాధి, గర్భధారణ తగ్గకపోవచ్చునని మ్వాంజా ప్రయోగం చూపింది. ఎంపికకు పనికివచ్చే సమాచారం ఫలితమిస్తుందని కెన్యా ప్రయోగం చూపింది.

• తెలుగు రాష్ట్రాల్లో కౌమార లైంగిక ఆరోగ్యాన్ని బాల్యవివాహం నుండి విడదీసి అధ్యయనం చేయలేము.

• పోలిక సమూహం లేకుండా కార్యక్రమ విజయాన్ని, గోప్యత హద్దును చెప్పకుండా వ్యక్తిగత ప్రశ్నను ముందుకు తేరాదు.

అవగాహన బాలబాలికల హక్కు. తన శరీరం గురించి తెలుసుకోవడానికి వేరే ప్రయోజనం చూపనవసరం లేదు. అయితే ఆ హక్కు తీరినంత మాత్రాన రక్షణ కూడా సమకూరిందని భావిస్తే, జరిగిన హానికి “చెప్పినా వినలేదు” అని బాలికనే బాధ్యురాలిని చేసే ప్రమాదం ఉంది. ఆమెకు ఏమి తెలుసు అన్న ప్రశ్న పక్కనే, తెలిసినదానిని ఆచరించనీయకుండా అడ్డుకుంటున్నది ఏది అన్న ప్రశ్నను కూడా చేర్చగలిగితే మన సిద్ధాంత గ్రంథాల చివరి అధ్యాయాలు ఆమెకు కొంతైనా ఉపయోగపడతాయి.